ఎర్ర కూజా విత్తనాలు

మా ఆయన పోయిన మూడో రోజు పిట్టకు పెట్టారు. ఆయనకు ఇష్టమైనవన్నీ వండి, కాల్చిన చోటికి తీసుకెళ్ళి విస్తరిలో వడ్డించి, అందరం దూరంగా జరిగి నిలబడ్డాం. కాకి వచ్చి ముట్టుకుంటే పోయినవాడికి తృప్తి అయినట్టు. ముట్టకపోతే కోరికేదో మిగిలిపోయినట్టు. ఆ రోజు కాకులకు కొదవ లేదు, ఎదుటి చెట్టు నిండా ఉన్నాయి. ఒక్కటీ కిందికి దిగలేదు.

మరిది చేతులు జోడించి, "అన్నా, అమ్మను నేను అర్సుకుంట, నువ్వు ఫికర్ చేయకు" అన్నాడు. కాకి రాలేదు. ఎవరో పెద్దమనిషి మందు పోయమన్నాడు. ఆయనకు ఆ అలవాటే లేదు, అయినా పోశారు. అప్పుడూ రాలేదు. "పిల్లల్లేరు గదా, ఇంకేం కోరిక ఉంటది" అని నా వెనక నిలబడ్డ ఒకామె అంది. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే గట్టిగా అన్నాను: "నీ కూజా చెట్లను నేను చూసుకుంట. నువ్వనుకున్న విత్తనం నేను పట్టిస్త." కాకి దిగింది. ముందు మందు గ్లాసునే తన్నేసింది.

నేను కాకులను నమ్మే మనిషిని కాను. కానీ అంతమంది ముందు మాట ఇచ్చేశాను.

ఆ మొక్కల సంగతి కొంచెం చెప్పాలి. ఆకు కొస తీగలా సాగి, దాని చివర మూతతో సహా చిన్న కూజా తయారవుతుంది. లోపల జిగురు నీళ్ళుంటాయి. అంచు మీది తీపికి ఆశపడి వాలిన ఈగ జారి పడిందంటే మళ్ళీ పైకి రాదు. వాటికి మట్టి వద్దు, ఎరువు వద్దు, బోరు నీళ్ళు అసలే వద్దు. కొబ్బరి పీచులో పెట్టి వాన నీళ్ళు పోయాలి, వాన లేని రోజుల్లో ఏసీ పైపు కింద పట్టిన నీళ్ళు పోయాలి. ఆయన కాజీపేటలో రైల్వే సిగ్నళ్ళ పని చేసేవాడు. డ్యూటీ దిగి వచ్చాక బూట్లు కూడా విప్పకుండా డాబా ఎక్కేవాడు. అక్కడ పచ్చ వల కింద, తడి గోనెసంచుల మధ్య ఆయన సంసారం వేరే ఉండేది.

ఈ జాతిలో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. మా మగ మొక్కకు పచ్చ కూజాలు, మోటు రకం, మే నెల ఎండను కూడా లెక్కచేయదు. ఆడదానికి జానెడు ఎర్ర కూజాలు, చూస్తుంటే ఇంకా చూడబుద్ధేస్తుంది, ఎండలు రాగానే ముడుచుకుంటుంది. ఈ రెంటినీ కలిపి వరంగల్ ఎండకు ఓర్చుకునే ఎర్ర కూజాను పుట్టించాలని ఆయన పిచ్చి. రెండూ ఎప్పుడూ ఒకే కాలంలో పూయలేదు. అందుకని మగది పూసినప్పుడు పుప్పొడి దులిపి, చిన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో దాచాడు. "ఆడది పూసేదాక ఈ డబ్బా ముట్టకు" అని నాకు చెప్పాడు. అది పూసేలోపే ఆయన గుండె ఆగిపోయింది.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. బతికున్నప్పుడు "ఈగల పిచ్చోడు" అని నవ్విన చుట్టాలే ఆ దినాల్లో ఆయనంత జ్ఞాని లేడన్నారు. అంతా విన్నాను గానీ, మొక్కలకు నీళ్ళు పోసి వస్తానంటే మాత్రం ఒక్కరూ ఒప్పుకోలేదు. దినాలయ్యేదాకా మూల నుంచి కదలొద్దన్నారు. నేను మాట ఇస్తుంటే విన్నదీ వాళ్ళే, నిలబెట్టుకోనివ్వనిదీ వాళ్ళే. నేను డాబా ఎక్కేసరికి మగ మొక్క నీళ్ళు లేక వడిలి నల్లబడి ఉంది. ఎర్రది నీడలో ఉండబట్టి బతికింది.

పుప్పొడైనా ఉంది కదా అనుకున్నాను. వానలు పడ్డాక ఎర్ర మొక్క పూత కాడ వేసింది. పరుగున వెళ్ళి ఫ్రిజ్ తెరిచాను. డబ్బా లేదు. దినం నాడు ఇల్లు కడుగుతూ అత్తమ్మ ఫ్రిజ్‌లో ఉన్నదంతా, తొక్కులు, పెరుగు, అల్లం ముద్దతో సహా, మైల పడిందని పారబోసిందట.

"పసుపో గిసుపో అనుకున్న బిడ్డా" అంది. "మైల సొమ్ము ఇంట్ల ఉంచుతరా?"

మాట తూలకుండా ఉండడానికి కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆ మొక్కలంటేనే ఆమెకు గిట్టదు. పురుగులను మింగే చెట్టు ఇంట్లో ఉంటే మనిషిని మింగదా అని, వాటిని తీసి అవతల పడేయమని అప్పటికే ఎన్నోసార్లు పోరింది.

ఆ రోజుల్లోనే చప్పుడు మొదలైంది. దీపాలు పెట్టే వేళ నేను వంటింట్లో ఉంటే పైన డాబా మీద ప్లాస్టిక్ మగ్గు నీళ్ళ డ్రమ్ము అంచుకు తగిలిన చప్పుడు. నీళ్ళు ముంచి, అంచుకు ఒకసారి తట్టి, ఆ తరువాత పోయడం ఆయన అలవాటు. మొదటిసారి చెయ్యి కాల్చుకున్నాను. పైకి వెళ్తే ఎవరూ లేరు. గాలి లేదు, కూజాలు మాత్రం సన్నగా ఊగుతున్నాయి. నాకు భయం వేయలేదు. ఇంకో నిమిషం ముందు వచ్చి ఉంటే కనిపించేవాడేమో అని బాధ వేసింది. దయ్యాలున్నాయని నేను ఇప్పటికీ ఒప్పుకోను. ఆ చప్పుడును మాత్రం నమ్మాను. పొయ్యి మీద కూర మాడినా సరే, ఆ వేళకు చెవి అటే ఉండేది.

అప్పుడు గుర్తొచ్చింది, ఆయన మగ మొక్క కొమ్మ ఒకటి కోసి పరకాలలో ఉన్న ఒక సైన్సు సారుకు ఇచ్చాడని. హనుమకొండలో బస్సెక్కి వెళ్ళాను. సారు ఇంటి వెనక జామచెట్టుకు వేలాడుతోంది ఆ కొమ్మ, ఇప్పుడు పెద్ద మొక్కై. నా అదృష్టం, పూసి ఉంది.

"వదినా, అన్న ఇచ్చిందే ఇది. మీదే అనుకోండి" అన్నాడు సారు. పూత కాడ కోసి, కాగితంలో చుట్టి, టిఫిన్ డబ్బాలో పెట్టి ఇచ్చాడు. "కాయ పండి పగిలినంక విత్తనం ఎక్కువ రోజులు ఉంచొద్దు. జల్దీ చల్లాలె. ఆలస్యమైతే సచ్చిపోతయి." కాగితం మడిచేటప్పుడు సారు అంచులను గోటితో గీకిన తీరు అచ్చం మా ఆయనదే. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో నేను అడగలేదు. దారి పొడవునా డబ్బా ఒళ్ళోంచి దించలేదు.

మగ పూల పుప్పొడిని ఆడ పూలకు ఒక్కొక్కదానికి రుద్దాను. కాయలు నిలిచాయి. అవి ముదిరినన్నాళ్ళూ పైన మగ్గు చప్పుడు రోజూ వినబడేది. చలికాలంలో కాయలు ఎండి పగిలాయి. విత్తనాలు సన్నటి వెంట్రుకల్లా ఉన్నాయి. కాగితం మీద దులిపాను. ఊపిరి వదిలితే ఎగిరిపోతాయని ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను. కొబ్బరి పీచు తడిపి తట్ట సిద్ధం చేశాను. ఇక చల్లడమే.

చల్లలేకపోయాను. కోరిక తీరితే పోయినవాడు వెళ్ళిపోతాడు. పిట్టకు పెట్టేది అందుకే. ఆ కాగితాన్ని మడిచి బియ్యం డబ్బా మీద పెట్టాను. రేపు చల్లుతాను అనుకున్నాను. మర్నాడూ అదే అనుకున్నాను. విత్తనాలు చచ్చిపోతున్నాయని తెలుసు. తెలిసీ ప్రతి సాయంత్రం ఆ చప్పుడు విని, హమ్మయ్య, ఉన్నాడు అనుకునేదాన్ని.

ఒకరోజు అత్తమ్మ బియ్యం కోసం వచ్చి ఆ కాగితాన్ని చూసింది. ఈసారి పారేయలేదు. రెండు చేతులతో తీసి నా ముందు పెట్టింది.

"ఇవేనా?"

"ఇవే అత్తమ్మా. రేపు చల్లుత."

ఆమె నా మొహం చూడకుండా అంది: "చల్లకు బిడ్డా. చల్లితె వాడు పోతడు."

"మగ్గు సప్పుడు నాక్గూడ ఇనవడ్తాంది" అంది ఆమె. "ఎప్పటిసందో ఇనవడ్తాంది. నీకు చెప్తె బుగులు పడ్తవని చెప్పలే."

ఇద్దరం ఆ కాగితానికి అటూ ఇటూ కూర్చుని ఏడ్చాం. పోయిన నాటి నుంచి కలిసి ఏడ్చింది అదే మొదలు. చల్లకపోతే ఆయన ఉంటాడు, ఆయన ఇన్నేళ్ళు కన్న కల మాత్రం మా బియ్యం డబ్బా మీద చస్తుంది. అట్లా ఆపుకోవడం కట్టేసుకోవడమే. నాకు ఆయన మీద ఎంత ఆశ ఉన్నా ఆ పని చేతకాలేదు. మర్నాడు పొద్దున్నే అత్తమ్మకు చెప్పి చల్లాను. ఆమె పైకి రాలేదు, వద్దని కూడా అనలేదు.

చాలావరకు మొలవలేదు. నేను చేసిన ఆలస్యమే కావచ్చు. ఎండలు ముదరక ముందే కొన్ని పచ్చగా తలెత్తాయి. కొద్ది వారాలకు ఆవగింజంత కూజాలు, మూతలతో సహా, వాటికి వేలాడాయి. ఒకదాని అంచు ఎర్రగా ఉంది. ఆ సాయంత్రం పొయ్యి ఆర్పేసి వంటింట్లో నిలబడ్డాను. రైలు ఒకటి పోయింది. అది పోయాక ఏమీ వినబడలేదు. అత్తమ్మ డాబా మెట్ల మీద కూర్చుని ఉంది.

"ఇనవడ్డదా?" అని అడిగింది.

"లేదత్తమ్మా."

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే నాకు కొంచెం తేలికయ్యేది. మర్నాడూ లేదు, ఆ తరువాతా లేదు. ఇప్పుడు ఆ వేళకు నేనే పైకి వెళ్తున్నాను. నీళ్ళు ముంచి, మగ్గును డ్రమ్ము అంచుకు ఒకసారి గట్టిగా తట్టి, ఆ తరువాత మొలకలకు పోస్తున్నాను. అది నేనేనని అత్తమ్మకు తెలుసు. అయినా రోజూ ఆ వేళకు వచ్చి మెట్ల మీద కూర్చుంటుంది.