సైకిల్ పాటలో మగగొంతు

మొన్న ఆదివారం పొద్దున్న కంచరపాలెంలో, మా ఇంటి హాల్లో, ఆరడుగుల మనిషి ఒకడు అందరూ చూస్తుండగా మాయమైపోయాడు. పోలీసులకి చెప్పక్కర్లేదు. ఆ మనిషిని పుట్టించింది నేనే, పెంచింది నేనే, చివరికి చేతులారా సాగనంపిందీ నేనే! ఎలాగో చెప్తాను, ముందు టీ అందుకోండి.

నా సంగతి మీకు తెలియంది కాదు. విశాఖ పోర్టులో టగ్గు పడవ నడిపినవాణ్ణి. కొండలాంటి ఓడ గాలికి అడ్డం తిరిగితే, ఒక చేత్తో దాన్ని బెర్తు దగ్గరికి లాగుతూ రెండో చేత్తో ఉల్లిపాయ బజ్జీ తిన్నవాణ్ణి. బజ్జీ సంగతి నిజం. ఓడ సంగతి అప్పటివాళ్ళనే అడగాలి, వాళ్ళేమో ఎవరూ మిగల్లేదు.

ఊళ్ళోకి పాటలు రేడియోలో వస్తాయంటారు. మాకు ఓడల్లో వచ్చేవి. ఏ దేశం నావికుడు దిగినా సంచిలో రెండు రికార్డులుండేవి. ఒక ఓడ వంటవాడికి నేను కొరమేను పులుసు తినిపిస్తే, కళ్ళనీళ్ళు పెట్టుకుని తన గ్రామఫోను ప్లేయరే ఇచ్చేసి వెళ్ళాడు. అలా మొదలైంది నాకీ పిచ్చి. అరవైల నాటి పాప్ పాటలు. అందులోనూ పేరున్నవాళ్ళవి కాదు. ఎవడో ఒక పాట రాసి ఊరుకున్నవాడు, ఎవరో పెద్ద గాయకుడి వెనకాల "ఊ... ఆ..." అని పాడి ఇంటికెళ్ళిపోయిన అమ్మాయిలు, స్టూడియోలో మీటలు తిప్పి పేరు వేయించుకోని పెద్దమనిషి. వాళ్ళే మా దేవుళ్ళు.

ఆ దేవుళ్ళకి ఒక సంఘం కూడా పెట్టాం. చిన్న పేర్ల సంఘం. ప్రతి ఆదివారం పొద్దున్న మా హాల్లో కూడతాం. సభ్యులు ముగ్గురం. నేను అధ్యక్షుణ్ణి. నన్ను ఎన్నుకుంది కూడా నేనే కాబట్టి గొడవల్లేవు. రెండో సభ్యుడు సూరిబాబు, రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు, నాకు వరసకి బావ. మూడో ఆయన ప్రసాదరావుగారు, కృష్ణాజిల్లా నుంచి స్టీలు ప్లాంటులో ఇంజనీరుగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. సంఘానికి ఒకటే రూలు. జనమందరికీ తెలిసిన గాయకుడి పేరు ఎవరు ఎత్తినా, ఆ వారం సందు చివరిదాకా వెళ్ళి పునుగులు తేవాలి.

మా సంఘానికి మూలవిరాట్టు ఒక చిన్న రికార్డు. నా దగ్గరున్నవన్నీ పెద్దవి, అదొక్కటే అరచేతి సైజు. "ది లైట్‌హౌస్ త్రీ" అని పేరు. పాడినవాళ్ళ పేర్లుండాల్సిన చోట డి, ఎం, ఆర్ అని మూడు పొడి అక్షరాలు. అంతే! ఊరు వాల్తేరు, పాట తెలుగు, బాణీ ఇంగ్లీషు. పాత సామాన్ల కొట్లో నాకు దొరికింది.

"సాయంత్రం సైకిలెక్కి సాగరం చూద్దామా
గంట కొట్టి గాలినడిగి దారి తీద్దామా"

మాటలు చూస్తే ఇంతే. కానీ పెట్టి వింటే! ఒళ్ళు జలదరిస్తుంది. పాట శవయాత్రలా నడుస్తుంది. బొంగురు ఆడగొంతులు రెండు, వాటి కింద పాతాళంలోంచి ఒక మగగొంతు. చివర్లో అందరూ ఆగిపోయాక, ఆ మగగొంతు ఒక్కటే "హో... హో... హో..." అని నిట్టూరుస్తుంది.

"సైకిలంటే కాలచక్రం అండీ," అనేవారు ప్రసాదరావుగారు కళ్ళు మూసుకుని. "ముందు చక్రం జననం, వెనక చక్రం మరణం. గంట అంటే పైనుంచి పిలుపు. సాగరం సరే సరి."

"మరి సైకిలు క్యారేజీ ఏటండీ?" అనేవాడు సూరిబాబు.

"కర్మఫలం," అనేవారాయన తడుముకోకుండా.

ఆ మగగొంతెవరిదన్నది మాత్రం వాళ్ళకి అంతుపట్టలేదు. అధ్యక్షుడన్నవాడు తెలీదంటే ఏం మర్యాద? "ఆర్ అంటే రాబర్ట్," అనేశాను ఒకరోజు. "నాకు బాగా తెలుసు. ఆరడుగుల మనిషి. ఫిషింగ్ హార్బర్లో తెల్లారకుండా నాతో కూర్చుని టీ తాగేవాడు. ఆయన చిన్నగా 'ఊ' అంటే ఐసు ప్లాంటులో గడ్డలు పగిలేవి." వారం వారం రాబర్ట్ పెరిగాడు. మీసం వచ్చింది. భగ్నప్రేమ వచ్చింది. ఒక కాలికి కొంచెం కుంటి కూడా వచ్చింది.

ఇలా సుఖంగా ఉంటే, పోయిన వారం సూరిబాబు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"బావా! భీమిలి బస్సులో ఒకావిడ పక్కన కూకున్నాను. మాటల్లో మన రికార్డు గురించి సెప్పాను. ఆ డి అనే అచ్చరం తనేనంట!"

ఆవిడ పేరు డోరీన్. వాల్తేరు రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన ఆంగ్లో ఇండియన్. నాన్న ఇంజను డ్రైవరు. ఇప్పుడు భీమిలిలో మేనకోడలి దగ్గరుంటోంది. సూరిబాబు మిగతా సంగతీ చెప్పాడు. ఆ పాట రాసి పాడింది ఆవిడ అక్కట. అక్క పోయి ఏడాది కాలేదు. ఇంట్లో ఉన్న ఒక్క రికార్డూ ఎప్పుడో తుపానుకి ఇంటి కప్పుతో పాటు పోయింది. మేనకోడలు ఫోనులో ఎంత వెతికినా ఆ పాట లేదు. అక్క గొంతు ఒక్కసారి వింటే చాలు, ఆదివారం వస్తానందిట.

మొన్న ఆదివారం వచ్చింది. సన్నగా, నిటారుగా, పూల గౌను వేసుకుని, చర్చి నుంచి నేరుగా. మాటంతా మన ఉత్తరాంధ్ర మాటే. మా ఆవిడిచ్చిన టీ పక్కన పెట్టి, కుర్చీ అంచున కూర్చుని, "పెట్టయ్యా నాయుడూ," అంది.

నేను ముందు ఉపన్యాసం ఇద్దామనుకున్నాను. మా ఆవిడ చూసిన చూపుకి మానేసి ముల్లు దించాను.

పాట మొదలైంది. శవయాత్ర కదిలింది. ప్రసాదరావుగారు కళ్ళు మూసుకున్నారు. డోరీన్ ముఖం చూస్తున్నాను. ఆనందం ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని. రాలేదు. ఆవిడ కనుబొమలు దగ్గరికొచ్చాయి.

"ఇదేటయ్యా? ఎవరు పోయారు?"

"మీ పాటేనమ్మా."

"మాది కాదు. మా రోజీ ఏది ఇందులో?"

రోజీ! ఆ పేరు విన్నప్పుడే నాకు బల్బు వెలగాలి. వెలగలేదు. నేనేం చేశానో చూడండి. జాలిగా నవ్వి, "వయసు మీద పడ్డాక జ్ఞాపకాలు అటూ ఇటూ అవుతాయమ్మా. ఆ కింది గొంతు వినండి. మన రాబర్ట్ గారిది," అన్నాను.

"ఏ రాబర్టు?"

"అదేనమ్మా, ఆర్. హార్బర్లో నాతో టీ తాగేవాడు, ఐసు గడ్డలు..."

"మా బేండులో మగోడే లేడు కదయ్యా! నాను, మా అక్క రోజీ, పక్కింటి మేగీ. ముగ్గురం ఆడపిల్లలం. మగోడిని రానిస్తే మా నాన్న బొగ్గు పార తీసేవోడు."

సూరిబాబు నా వైపు, ప్రసాదరావుగారు పైకప్పు వైపు చూస్తున్నారు. నేను టగ్గు నడిపినవాణ్ణి, ఓడ మునుగుతున్నా గొంతు దించను. "అయితే రికార్డు వేసేటప్పుడు మద్రాసులో కలిపారేమో," అన్నాను.

డోరీన్ నాతో వాదించలేదు. అదే నన్ను కుంగదీసింది. కుర్చీ అంచు నుంచి లేచింది. "ఇది ఇంకెవరిదో అయ్యుంటాది. పేరు కలిసింది, అంతే. ఏటనుకోకు నాయుడూ. నానే ఆశపడి వచ్చాను. భీమిలి బస్సు దొరకదు మళ్ళీ." చేతిసంచి భుజానికి తగిలించుకుంది. కళ్ళు తుడుచుకోలేదు, తుడుచుకుంటే మాకు కనిపిస్తుందని.

"బావా, ఏదోటి సెయ్యి బావా," అని సూరిబాబు నా చొక్కా పట్టుకుని లాగాడు.

ఏం చెయ్యను? "అమ్మా, పోనీ మీ పాట ఎలా ఉండేదో ఒక్కసారి పాడి వెళ్ళండి," అన్నాను.

గుమ్మం దగ్గర నిలబడే అందుకుంది. ముసలి గొంతే, కానీ ఏం హుషారు! వేళ్ళతో చిటికెలు వేస్తూ, "సాయంత్రం సైకిలెక్కి..." మావాళ్ళు రికార్డు ఆపడం మర్చిపోయారు. అదీ సరిగ్గా అప్పుడే పల్లవికి తిరిగింది. ఆవిడా రికార్డూ ఒకే మాట దగ్గర బయల్దేరారు. ఆవిడ గంట కొట్టేసింది, గాలినడిగేసింది, దారి తీసేసింది. మా రికార్డు ఇంకా గాలి దగ్గరే మూలుగుతోంది.

"ఆవిడ సింహాచలం స్టేషన్ దాటిపోనాది," అన్నాడు సూరిబాబు. "మన బండి ఔటర్ సిగ్నల్ కాడే ఉన్నాది బావా."

అప్పుడు చూశాను ప్లేయరు వైపు.

దానికి స్పీడు మార్చే మీట ఒకటుంటుంది. పెద్ద రికార్డులు నిమిషానికి ముప్పైమూడు చుట్ల మీద తిరగాలి, ఇలాంటి చిన్నవి నలభైఅయిదు మీద. సూరిబాబుకి కనపడ్డ మీటనల్లా కదిపే అలవాటు. రైల్వే జబ్బు. వాడి బాధ పడలేక నేనే ఆ మీటని ముప్పైమూడు దగ్గర నల్ల టేపుతో చుట్టేశాను. "దీన్ని ముట్టుకున్నవాడికి సంఘంలో చోటు లేదు," అని ప్రతిజ్ఞ కూడా చేయించాను. నా దగ్గరున్నవన్నీ పెద్దవే కదా, ఏ లోటూ తెలియలేదు. ఈ చిన్నది వచ్చినప్పుడు టేపు సంగతి నాకు గుర్తే లేదు.

ఆడపిల్లలు ముగ్గురూ నెమ్మదిగా తిరిగి తిరిగి బొంగురుపోయారు. అందరికంటే కింది వరస పాడిన రోజీ ఏకంగా మీసాలు మొలిచి రాబర్ట్ అయిపోయింది!

ఇప్పుడు చూడండి నా పరిస్థితి. ఈ సంగతి గ్రహించింది నేనొక్కణ్ణే. నోరు మూసుకుంటే రాబర్ట్ బతుకుతాడు. అధ్యక్ష పదవి బతుకుతుంది. ఆవిడ బస్సెక్కి వెళ్ళిపోతుంది, పేరు కలిసింది అంతే అనుకుంటూ. ఎంతో కష్టపడి పెంచానండీ ఆ మనిషిని! కుంటికాలు పెట్టడానికే నాకు రెండు ఆదివారాలు పట్టింది.

డోరీన్ వంగి చెప్పు బకిల్ పెట్టుకుంటోంది. అది ఎంతకీ పడటం లేదు.

"అమ్మా, ఒక్క నిమిషం!" అని అరిచాను. తుపానులో సైరన్ కూడా అంత గట్టిగా మోగి ఉండదు. గోరుతో టేపు పీకాను. గడ్డకట్టిన జిగురు, సగం గోరు దాంతోనే వచ్చేసింది. మీట నలభైఅయిదుకి తోసి, ముల్లు మళ్ళీ మొదట్లో దించాను.

అయ్యబాబోయ్! పాట కాదండీ అది, వాన వెలిసిన సాయంత్రం. ముగ్గురు పిల్లలు ఒకరి మీద ఒకరు పడుతూ, వాల్టేర్ అప్‌ల్యాండ్స్ మెట్ట నుంచి బీచికి సైకిలు మీద బ్రేకుల్లేకుండా దిగుతున్నట్టుంది. అందరి కిందా, చల్లగా, ఒక అమ్మాయి గొంతు.

డోరీన్ చెప్పు వదిలేసి గోడ పట్టుకుంది.

"రోజీ," అంది.

పాట చివరికొచ్చింది. మా రాబర్ట్ గారి వైరాగ్యపు నిట్టూర్పు ఉండాల్సిన చోట, కిలకిలమని ఒక నవ్వు!

"అదిగో! నవ్వీసింది! పాట పాడైపోనాదని మద్రాసు స్టూడియో ఆయన ఎంత తిట్టాడో! మళ్ళీ పాడదామంటే బండికి టైమైపోనాది, అలాగే ఒగ్గేశారు," అని ఆవిడా నవ్వుతోంది, బుగ్గల మీద నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఈసారి దాచుకోలేదు.

ప్రసాదరావుగారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, ఆ సైకిలు... అందులో అంతరార్థం ఏమైనా..."

"అంతరార్థమేటి బాబూ? మాకు సైకిలు లేదు. కావాలని రాసింది మా అక్క. పాట విని మా నాన్న కొంటాడేమోనని."

"కొన్నారా?"

"లేదు. నడిస్తే కాళ్ళు గట్టిపడతాయన్నాడు."

ప్రసాదరావుగారు మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. కర్మఫలాన్ని మోసిన క్యారేజీ గురించి ఆయన బాధ ఆయనది.

ఇక నా వంతు. "బావా," అన్నాడు సూరిబాబు మహా వినయంగా, "మరి హార్బర్లో నీతో టీ తాగినాయన ఎవరేటి?"

సముద్రం వైపు గోడకి కిటికీ లేకపోయినా అటే చూశాను. మా ఆవిడ వంటింట్లోంచే, "ఎప్పుడూ ఒక్కరే తాగుతారు. అందుకే దొరికినవాళ్ళతో అంతసేపు మాట్లాడతారు," అంది.

పాట మళ్ళీ పెట్టాం. మళ్ళీ. డోరీన్ కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది. బస్సు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎన్నిసార్లు అయ్యాకో గానీ, నన్ను పిలిచి, "నాయుడూ, ఇందాకటిది పెట్టు ఒకసారి," అంది.

"ఏదమ్మా?"

"ఆ నీరసం పాట."

"అది తప్పు స్పీడమ్మా!"

"తెలుసులే. ఇది బేగి పాడి బేగి వెళ్ళిపోతంది. అందులో అయితే మా అక్క ఇంకాసేపు ఉంటాది."

మీట వెనక్కి తోశాను. శవయాత్ర బయల్దేరింది. ఆవిడ కళ్ళు మూసుకుని, ఆ బొంగురు గొంతు వెనకాలే నెమ్మదిగా తలూపుతోంది. నాకు ఛాతీ ఉప్పొంగింది. ఆలోచించండి! సరైన స్పీడులో రికార్డు పెట్టేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. తప్పు స్పీడులో, ఇంత నిష్ఠగా, వేలికి దెబ్బ తగిలించుకుని మరీ ఒక మనిషిని ఇంకాసేపు ఉంచగలిగినవాడు విశాఖపట్నం మొత్తం మీద నేనొక్కణ్ణే! ఈ మాట సభకి చెప్పకపోతే చరిత్రకే అన్యాయం. లేచి నిలబడి, చొక్కా సర్దుకుని, నోరు తెరిచాను.

డోరీన్ కళ్ళు తెరవకుండానే చూపుడువేలు ఎత్తింది.

కూర్చున్నాను. నన్ను ఒక్క వేలితో ఆపిన మనిషి ఈ భూమ్మీద ఇంకొకరు లేరండీ. మా ఆవిడకైనా రెండు చేతులూ కావాలి.