శనగపిండి ఎవరికి

లాక్‌డౌన్‌లో నేనడిగిన ప్రశ్నకు మా ఇంట్లో ఇంతవరకూ ఎవరూ జవాబివ్వలేదు. ఇవాళ జర్మనీలో, కొలోన్‌లోని అదే ఇంట్లో అమ్మ చెల్లి కోసం శనగపిండి, పాలు కలుపుతుంటే ఆ వాసనకు మళ్లీ గుర్తొచ్చింది.

అప్పట్లో ఆ పిండి రోజూ నాకే రుద్దేది. కరోనా రాకుండా అనుకున్నాను.

"మరి తమ్మునికి?"

"వాడు తెల్లగనే ఉన్నడు కదరా."

నా నలుపు కూడా అంటురోగమేమోనని చాలాకాలం తమ్ముణ్ని ముట్టుకోలేదు.

పై అంతస్తులోని ఘానా దేశపు అన్న నల్లజాతివాళ్ల నిరసన ఊరేగింపు కోసం కిటికీ దగ్గర ర్యాప్ సాధన చేసేవాడు. ఈ నలుపు మా తాతలిచ్చింది, కడుక్కోం అని జర్మన్‌లో పాడేవాడు.

"అన్న కడుక్కోనంటుండు. మరి నాకెందుకమ్మా?"

అమ్మ మా కిటికీ మూసి ఇంకా గట్టిగా రుద్దింది. ఒళ్లు మండింది.

ఇవాళ ఆ కిటికీ నేనే తెరిచాను. చెల్లి చేతులు చాచి నిలబడింది. "జవాబు చెప్పాకే రుద్దు, అమ్మా," అన్నాను.