పార్కింగ్ లాట్‌లో నడిచిన సపోర్ట్ గ్రూప్

కొవిడ్ ఆంక్షలు సడలిన ఏడాది వేసవిలో నాకు కొత్త బాధ్యత అప్పగించారు. అప్పుడు నేను అమెరికాలో, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఒక ఆసుపత్రిలో సోషల్ వర్కర్‌ని. కాన్పులో బిడ్డను పోగొట్టుకున్న తెలుగు ఆడవాళ్లకు సపోర్ట్ గ్రూప్ నడపాలి. అంటే ఒకే దుఃఖం ఉన్నవాళ్లు గుండ్రంగా కూర్చుని చెప్పుకునే ఏర్పాటు. నడిపే మనిషిని ఫెసిలిటేటర్ అంటారు. ఆమె సలహా ఇవ్వకూడదు, ఎవరినీ ముట్టుకోకూడదు, మౌనాన్ని తొందరపడి చెరపకూడదు. ఆ చివరి నియమాన్ని నేను అద్భుతంగా పాటించాను. ఎవరూ నోరు విప్పలేదు మరి.

ఏర్పాట్లకేం లోటు లేదు. మెత్తటి కుర్చీలు, లావెండర్ వాసన, చేతికందేలా టిష్యూ డబ్బాలు. గోడ మీద సముద్రం ఫొటో. సముద్రాన్ని చూస్తే మనశ్శాంతి కలుగుతుందని మా డైరెక్టర్‌గారి నమ్మకం. ఆ గదిలో సగం మందిమి తుఫాన్లు చూసిన కోస్తావాళ్లం.

ఎలా ఉన్నారని అడిగితే అందరూ "ఫైన్ అండీ" అనేవారు. అంత ఆరోగ్యంగా ఉన్న దుఃఖాన్ని నా సర్వీసులో చూడలేదు. డైరెక్టర్‌గారు కూడా మురిసిపోయి, అందరూ బాగున్నప్పుడు గ్రూప్ ఎందుకు, ఆపేద్దామన్నారు.

వాళ్లలో సుజాత తెనాలి అమ్మాయి. నెలలు నిండాక పాప పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికెళ్లేసరికి స్నేహితులు ఎంతో ప్రేమగా ఉయ్యాల విప్పి, చిన్న బట్టలన్నీ మాయం చేసి ఉంచారు. చర్చిలో దేవుని చిత్తమన్నారు. ఫోన్లలో మళ్లీ పుడతారులే అన్నారు. ఇంతమంది ఇంత చక్కగా ఓదార్చాక ఆమె మాట్లాడటమే మానేసింది. భర్త ప్రవీణ్ తీసుకొచ్చి, ఏసీ వేసుకుని కార్లోనే కూర్చునేవాడు.

ఒక సాయంత్రం మీటింగ్ ముగిశాక నేను కారు దగ్గరికి వెళ్తున్నాను. ఆడవాళ్లంతా ఎండలోనే నిలబడి ఉన్నారు. అంతకుముందు ఏడాది కొడుకుని పోగొట్టుకున్న కరీంనగర్ మల్లిక, సుజాతని అడిగింది:

"పాపకు ఏం పేరు అనుకున్నవ్ చెల్లే?"

సుజాత ఆమె వైపు తిరిగింది.

"నిత్య. ఎవ్వరూ అడగలేదక్కా."

"ఎవరి పోలిక?"

"ముక్కు ఆయనది. జుట్టు నాదే, ఎంత ఒత్తుగా ఉందో..."

అక్కడితో ఏడ్చేసింది. మల్లిక ఆమెను గట్టిగా కౌగిలించుకుంది. శిక్షణ లేని మనిషి కదా! ప్రవీణ్ కారు దిగి వచ్చాడు. తల వంచుకుని, "నిత్య గ్రేస్" అన్నాడు, పూర్తి పేరు. తర్వాత అతనూ ఏడ్చాడు. టిష్యూ డబ్బాలన్నీ లోపల ఉండిపోయాయి. చున్నీలతోనే సరిపెట్టుకున్నారు.

గ్రూప్‌ని కాపాడాలంటే డైరెక్టర్‌గారికి ఇదంతా చెప్పక తప్పలేదు. ఆయన కదిలిపోయారు. పార్కింగ్ లాట్‌లో ఆ చోటనే బెంచీలు వేయించి, 'హీలింగ్ స్పేస్' అని బోర్డు పెట్టించారు. బోర్డు పెట్టిన వారమే ఆడవాళ్లు మీటింగ్ తర్వాతి మకాం ఇండియన్ గ్రోసరీ షాపు ముందుకి మార్చేశారు.

సుజాత తర్వాత డ్రైవింగ్ నేర్చుకుంది. కొత్తగా బిడ్డను పోగొట్టుకున్నవాళ్లు ఎంత దూరంలో ఉన్నా వెళ్లి ఎక్కించుకొచ్చేది. నేను రిటైరయ్యేదాకా గ్రూప్ నడిచింది.

నేను నేర్చుకున్నది ఇంతే. ఫెసిలిటేటర్ చేయగలిగింది వాళ్లలో ఒకరిని ఒకరికి పరిచయం చేసి, వేళకు గది ఖాళీ చేయించడం.