సిమ్‌సిమకు ఎండ

నబవియ్యా మా బడిలో గంట కొట్టేది. కైరోలో, కోట గోడలకు దిగువనున్న ఆడపిల్లల బడి అది. నేను వ్యాకరణం చెప్పి, సుద్దముక్క కింద పెట్టి, ఇంటికి వచ్చేసిన బడి. ఆమె తరగతి గదులు ఊడ్చేది, ఉపాధ్యాయులకు టీ కాచేది, గంట కొట్టేది. మొదటి రెండు పనులను గురించి ఎన్నడూ మాట్లాడి ఎరుగదు. మూడవదాని విషయంలో మాత్రం ఆమెకు గర్వం. "నేను కొడితేనే కదా, ఉస్తాద్, ఈ బడికి మధ్యాహ్నమయ్యేది" అనేది. కర్తృపదాల పాఠం జరుగుతున్న రోజుల్లో గంట కాస్త ఆలస్యమయ్యేదని నేను గమనించాను. ఆమె తలుపు పక్కన నిలబడి వినేది. విన్నదంతా బుర్రకెక్కిందని చెప్పలేను గాని, అంత శ్రద్ధగా విన్న శిష్యురాలు బల్లల మీద కూర్చున్నవాళ్ళలో లేదు.

ఆమె భర్త మెత్వల్లీ రైలు స్టేషనులో మూటలు మోసేవాడు. పాములు పట్టడంలో పేరుపడ్డ రిఫాయీ సూఫీల గురుపరంపరవాడు కాబట్టి ఇళ్ళలో దూరిన పాములను పట్టే పని తండ్రి నుంచి అతనికి సంక్రమించింది. ఒక వసంతకాలంలో మా బడి సామాన్ల గదిలో, దేశపటాల చుట్టల వెనక పాము కనబడితే ప్రధానోపాధ్యాయురాలు కుర్చీ ఎక్కింది. తక్కినవాళ్ళం వరండా చేరాం. మెత్వల్లీ వచ్చి, చొక్కా చేతులు పైకి మడిచి, ఆ పామును మణికట్టుకు చుట్టుకుని బయటికి వచ్చాడు. ఇసుక రంగు ఒంటి మీద నువ్వులు చల్లినట్టు మచ్చలు.

"విషం లేదమ్మా, దిగండి. ఎలుకలు తినడానికొచ్చింది. జీతం అడగని నౌకరు" అన్నాడు.

విషమున్న పాములను అతడు తన బృందంవారికి అప్పగించేవాడు. దీన్ని మాత్రం ఇంటికి తీసుకుపోయి భార్య చేతిలో పెట్టాడు. వారికి పిల్లలు లేరు. ఈ వాక్యాన్ని ఇంతకన్నా పొడిగించవలసిన పని లేదు. నబవియ్యా దానికి సిమ్‌సిమ అని పేరు పెట్టింది. ఆ మాటకు నువ్వులనే అర్థం. ఒక మిఠాయి దుకాణం మూతపడితే ఆ దుకాణపు అద్దాల పెట్టె తెచ్చి, అడుగున ఇసుక పోసి, అందులో ఉంచారు.

మెత్వల్లీ పెట్టిన నియమం ఒక్కటే: దాన్ని ఆరుబయటికి తీసుకుపోకూడదు. "ఆకాశం చూసిన పాము మళ్ళీ చేతిని చూడదు" అనేవాడు. అతడు పోయాక కూడా నబవియ్యా ఆ మాట దాటలేదు. నేను అదే మెట్లదారిలో, ఆమెకు ఒక అంతస్తు కింద ఉంటాను. సాయంత్రాలు పైకి వెళితే, ఆమె ఒడిలో పాము, చేతిలో టీ గ్లాసు, ఎదురుగా ఖాళీ కుర్చీ. ఆ కుర్చీలో నన్ను ఎన్నడూ కూర్చోమనలేదు. నాకు వేరే ముక్కాలిపీట ఉండేది.

మొన్నటి చలికాలం గట్టిది. తూబా నెల చలి పడుచుపిల్లను ముసలిదాన్ని చేస్తుందని మావాళ్ళు అంటారు. నిజంగా ముసలివాళ్ళమైన మమ్మల్ని ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేదు. పాములు చలికాలంలో తినకపోవడం మామూలే. కాని తూబా గడిచి, దాని తరువాతి అమ్షీర్ నెల గాలులు కూడా దుమ్ము రేపి వెళ్ళిపోయినా, సిమ్‌సిమ నోరు తెరవలేదు. చుంచెలుకను ముందు పెడితే దాని మీదుగా పాకి అవతలికి పోయేది. వెన్ను గట్టులా తేలింది.

"ఎండ తగలాలి ఉస్తాద్," అంది నబవియ్యా. "ఈ సందులో సూర్యుడు అద్దెకున్నవాడిలా తొంగి చూసి పోతాడు. పైకి తీసుకెళ్ళనా?"

"మెత్వల్లీ వద్దన్నాడు కదా."

"ఆయన దుప్పటి కప్పుకోవద్దని కూడా అనేవాడు, కప్పుకుంటున్నానుగా."

మరునాడు మధ్యాహ్నం ఆమె పామును మేడ మీదికి తీసుకుపోయి, చాప పరిచి, ఎండలో వదిలింది. పక్కనే కూర్చుని కందిపప్పులో రాళ్ళు ఏరుతోంది. అలా నాలుగు రోజులు సాగింది. సిమ్‌సిమ చాప దాటలేదు. అయిదవ రోజున కింద వీధిలో రొట్టెలవాడు కేక వేశాడు. నబవియ్యా పిట్టగోడ దగ్గరికి వెళ్ళి తాడు కట్టిన బుట్టను దించింది. రొట్టెలు మాడాయని వాడితో కాసేపు వాదించి, బుట్ట పైకి లాగి, వెనక్కి తిరిగింది. చాప మీద కందిపప్పు మాత్రమే ఉంది.

ఆమె పాత డబ్బాలు, విరిగిన మంచపు కోళ్ళు, గాలిపోయిన టైర్లు అన్నీ కదిపి చూసింది. అంతలో పక్క మేడ మీంచి కేక వినబడింది.

"హాగ్గా! నీ తాడు నా గూట్లో పడింది. వచ్చి చూసుకో. పట్టుకోమని మాత్రం నన్నడక్కు."

ఆ కేక రిజ్క్‌ది. మంగలి. పెద్ద వయసు ఆడవాళ్ళను మర్యాదకు హాగ్గా అని, మగవాళ్ళను హాగ్ అని పిలుస్తారు మావాళ్ళు. మా మేడకూ అతని మేడకూ మధ్య దాటడానికి ఒక్క పలక వేసి ఉంది. ఆ మేడ మీద కొయ్యతో కట్టిన ఎత్తైన పావురాల గూడు అతని ప్రాణం. నబవియ్యా, ఆమె వెనక నేను, పలక దాటి వెళ్ళాం. కింది అరలో సిమ్‌సిమ చుట్టచుట్టుకుని ఉంది. నడుము మధ్య ఒక ఉబ్బు. పక్కన తల్లి పావురం ఖాళీ గూటి చుట్టూ తిరుగుతోంది.

"నా పిల్ల!" అన్నాడు రిజ్క్.

"తింది!" అంది నబవియ్యా. ఆమె ముఖం చూస్తే ఎవరైనా శుభవార్త విన్నదనుకుంటారు. ఆ తరువాత రిజ్క్ వైపు చూసి, గొంతు తగ్గించి, "నీ పిల్లకు బదులు పిల్ల ఇస్తాను, రిజ్క్. ఆ పాపం నాది. దీన్ని మాత్రం ఇప్పుడు కదపకూడదు, కదిపితే కక్కేస్తుంది" అంది.

"కదపొద్దు. నాదేగా ఇక."

"నీదేమిట్రా?"

"మేడల కట్టుబాటు తెలీదా హాగ్గా? ఎగరేసిన పక్షి పరాయి గూట్లో వాలితే గూటివాడిదే. శుక్రవారం సంతలో పాములవాళ్ళకు అమ్మేస్తా."

"ఇది పక్షా?"

"నా పక్షి దాని కడుపులో ఉందిగా. సగం పక్షే."

"అందుకే పావురాలవాడి సాక్ష్యం ఖాజీ తీసుకోడని అంటారు."

"తీసుకోకపోనీ. షర్నూబి తీసుకుంటాడు."

హాగ్ షర్నూబి పావురాలవాళ్ళ పెద్ద. ఎవరి పక్షి ఎవరి గూట్లో వాలినా, తగవు అతని ముందుకే కాఫీకొట్టులోకి వస్తుంది. ఆ కట్టుబాటులో రెండవ సగం ఒకటుంది. రిజ్క్ దాన్ని చెప్పలేదు. కావాలని ఎగరేసిన పక్షి చిక్కితే చిక్కినవాడిదే గాని, గూడు విరిగో, తలుపు ఊడో తప్పిపోయిన పక్షిని తిరిగి ఇచ్చివేయాలి. దురదృష్టం మీద వేట ఆడకూడదని వాళ్ళ నీతి. ఈ సంగతి తెలిసినవాళ్ళంతా, నాతో సహా, ఆ రెండు రోజులూ నబవియ్యాకు ఒకే సలహా ఇచ్చాం: పెట్టె తెరుచుకుని దానంతట అదే పోయిందని చెప్పమని. పెట్టె గొళ్ళెం నిజంగానే వదులు. ఎన్నిసార్లో నా కళ్ళముందే ఊడింది.

ఆమె విని, "ఊఁ" అని ఊరుకునేది. పలక దాటి వెళ్ళి, రిజ్క్ పాము మీద బోర్లించిన ఈతమట్టల బుట్ట పక్కన కూర్చుని, ఆ ఉబ్బు తగ్గుతోందో లేదో చూసి వచ్చేది.

గురువారం సాయంత్రం కాఫీకొట్టులో కూర్చున్నాం. షర్నూబి హుక్కా గొట్టం పక్కన పెట్టాడు. తక్కిన పావురాలవాళ్ళు పాచికల ఆట ఆపారు. రిజ్క్ కొత్తగా గడ్డం గీసుకుని వచ్చాడు, పెళ్ళిచూపులకు వచ్చినట్టు.

"అమ్మా నబవియ్యా, ఒకటే అడుగుతా," అన్నాడు షర్నూబి. "పెట్టెలోంచి తప్పించుకు పోయిందా, నువ్వే వదిలావా?"

అతడు ఆమె నోటికి జవాబు అందిస్తున్నాడని అందరికీ తెలుస్తూనే ఉంది. రిజ్క్ కూడా తల దించుకున్నాడు. ఓడిపోవడానికి అతనికి పెద్ద అభ్యంతరం ఉన్నట్టు కనబడలేదు.

నబవియ్యా టీ గ్లాసు కింద పెట్టింది.

"తప్పించుకు పోలేదు," అంది. "పెట్టె మూసే ఉంది. నేనే పైకి తీసుకెళ్ళాను, నేనే ఎండలో పెట్టాను. రొట్టెలకోసం బుట్ట దించుతుంటే, ఎండ ఎటు జరిగితే అది అటు జరిగింది. అంతే. పోలేదు."

షర్నూబి హుక్కా గొట్టం అందుకుని రెండు దమ్ములు లాగాడు. ఆమె మాట మార్చుకోవడానికి ఆ మాత్రం వ్యవధి చాలు. ఆమె మార్చుకోలేదు.

"అయితే అది రిజ్క్‌ది," అన్నాడు షర్నూబి, ఇష్టం లేని ముఖంతో. "పిల్లకు బదులు పిల్ల అక్కర్లేదు. పాము వచ్చిందిగా."

తిరిగి వచ్చేటప్పుడు మెట్ల మీద ఆమె ఆయాసంతో ఆగిన చోట అడిగాను. "గొళ్ళెం ఊడిందని ఒక్క మాటంటే ఏం పోయేది?"

"ఉస్తాద్, పోతుందనేగా మెత్వల్లీ తను బతికినన్నాళ్ళూ దాన్ని ఆరుబయటికి తియ్యనివ్వలేదు. నలుగురిలో నా నోటితో నేనే పోయిందని చెప్తే, ఇన్నేళ్ళూ అది నా దగ్గర గొళ్ళెం ఉండబట్టే ఉన్నట్టు కాదూ?" కొంగుతో నుదురు తుడుచుకుంది. "సంతకు పోతే పోనీ. పారిపోయిందని మాత్రం అనను."

ముప్ఫై ఏళ్ళు వాక్యాలు దిద్దినవాణ్ణి. ఆ వాక్యంలో దిద్దవలసినదేదీ దొరకలేదు.

శుక్రవారం పొద్దున్నే రిజ్క్ గోనెసంచి పట్టుకుని మేడ మీద నిలబడ్డాడు. రోజూ ఊరివాళ్ళ గొంతుల మీద కత్తి నడిపే మనిషి. బుట్ట అంచు కాస్త ఎత్తాడు. సిమ్‌సిమ తల ఎత్తింది. అతడు బుట్ట దించేశాడు. మరొకసారి ఎత్తాడు. మళ్ళీ దించాడు.

"హాగ్గా, ఒక్కసారి రా. సంచిలో వెయ్యి."

నబవియ్యా మా మేడ మీద బట్టలు ఆరేస్తోంది. "ఎందుకురా? నీ పక్షేగా. ఈల వెయ్యి, వస్తుంది."

"ఎగతాళి కాదు హాగ్గా. సంత ఎత్తేస్తారు."

"పావురాలకు ఊపినట్టు జెండా ఊపి చూడు."

కింద కొట్టు దగ్గర ఎవరో నవ్వారు. రిజ్క్ గోనెసంచి మడిచి చంకలో పెట్టుకుని, పలక దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "పొద్దుటినుంచి దాని కళ్ళు తెల్లబడ్డాయి. చచ్చిపోతుందా ఏమిటి? నా మేడ మీద చస్తే వీధంతా నన్నే అంటారు."

ఆమె తడిబట్ట అక్కడే వదిలి పలక దాటింది. బుట్ట ఎత్తి, పామును ముంజేతి మీద పొడుగ్గా పరిచి, వెలుతురుకు తిప్పి చూసింది. "చావదు. కుబుసం విడుస్తుంది. కడుపు నిండిందిగా. వెడల్పాటి గిన్నెలో నీళ్ళు పట్రా. ఒక గరుకు రాయి కూడా."

రిజ్క్ రెండూ తెచ్చాడు.

సంత సమయం దాటిపోయింది. వచ్చే శుక్రవారం చూద్దామన్నాడు రిజ్క్. ఆ శుక్రవారానికి సిమ్‌సిమ కుబుసం విడిచింది. ముక్కు నుంచి తోక దాకా చిరగకుండా వచ్చిన ఆ కుబుసాన్ని అతడు క్షౌరశాల అద్దానికి పైన మేకుకు వేలాడదీశాడు. కొనడానికి వచ్చిన పాములవాడితో, "అమ్మేది కాదు, వాలిన పక్షి" అన్నాడు. ఎందుకు మనసు మారిందని అతన్ని ఎవరూ అడగలేదు. మంగలి దగ్గర అందరూ తల వంచి కూర్చునేవాళ్ళే.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నపు ప్రార్థన అయ్యాక నబవియ్యా కందిపప్పు పళ్ళెంతో పలక దాటుతుంది. గూటి అరల తలుపులకు రిజ్క్ సన్నటి తీగ జల్లెడ కొట్టించాడు. ఆమె బుట్ట ఎత్తుతుంది, సిమ్‌సిమ ఎండలోకి వస్తుంది. రొట్టెలవాడు కేక వేసినా ఆమె కదలదు; రొట్టెల బుట్ట నేను దించుతున్నాను. గద్ద నీడ మేడ మీద కదిలితే రిజ్క్ జెండా గుడ్డ తిప్పుతాడు. దానికి అతని పావురాలు కూడా లేస్తాయి. అప్పుడప్పుడు ఒకటి పరాయి మందలో కలిసి పోతుంది. వాటిని అడగడానికి అతడు వెళ్ళడు. ఎగరేసింది తనే కదా.

పాము ఎవరిదని అడిగితే రిజ్క్ తనదంటాడు. నబవియ్యా కాదనదు. ఎండ వాలేసరికి ఆమె చెయ్యి చాపుతుంది, అది ఎక్కుతుంది. ఆమె చెయ్యి అని ఎక్కుతుందో, వెచ్చగా ఉందని ఎక్కుతుందో నాకు తెలియదు. అడగవలసిన ప్రశ్నా కాదు. ఒక్కొక్క రోజు దాని చుట్ట విప్పడానికి ఆమెకు కాస్త సమయం పడుతుంది, అప్పుడు రిజ్క్ గూటి నిచ్చెన మీంచి, కిందికి చూడకుండానే అంటాడు: "నీడ వచ్చేస్తోంది హాగ్గా, ఇక లోపల పెట్టు."