కెమెరా మీద తువ్వాలు

2023 వేసవి. పీణ్యలో మెషిన్ షాపుల వెనక వీధి. సీసీ కెమెరాలు బిగించడం, బాగుచేయడం నా పని. ఆ వీధిలో ఉండే ఒక కస్టమరు ఫోన్ చేసి, ‘‘అమ్మ రూములో కెమెరా పాడయ్యిందప్పా, అంతా నల్లగా కనిపిస్తా ఉండాది’’ అన్నాడు. అతని ఆఫీసు ఊరికి ఆ చివర, కుందలహళ్ళిలో. అయినా ఎక్కువ రోజులు ఇంట్లోనే, మేడ మీద కూర్చుని పని. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేని తల్లి కింది గదిలో ఉంటుంది.

వెళ్ళి చూస్తే కెమెరాకు ఏ రోగమూ లేదు. దాని మీద తువ్వాలు కప్పి ఉంది.

‘‘ఎందుకమ్మా కప్పినారు?’’ అన్నాను.

‘‘ఇంగేం చేసేదప్పా? తెల్లారితే దాంట్లోంచి ‘అమ్మా, బీపీ మాత్ర ఏసుకో’ అంటాడు. మాత్రలు అయిపోయినాయిరా అని దినామూ చెప్తానే ఉండా. మళ్ళా అదే మాట! ఇని కూడా తెచ్చియ్యనోడు నా మొగం చూసేదెందుకు?’’

‘‘పనామెతో తెప్పించుకోకూడదా?’’

‘‘కొడుకు మేడ మీద ఉండాడు. పనామెను అడుక్కునేదా నేను?’’

ఆ కెమెరాలో టూ-వే ఆడియో ఉంది. అంటే ఇటు మాట అటు, అటు మాట ఇటు వినిపిస్తుంది. మేడెక్కి అతని ఫోన్ చూశాను. అతని మాట కిందికి వెళ్తోంది. ఆమె మాట పైకి రాకుండా ఆఫ్ చేసి ఉంది.

‘‘టీవీ మోత మీటింగుల్లో డిస్టర్బ్ అవుతుందని నేనే ఆఫ్ చేసినా’’ అన్నాడు, లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా.

నాకు ఒళ్ళు మండింది. ‘‘మాత్ర వేసుకోమని రోజూ హుకుం జారీ చేస్తారు. మాత్రలు లేవని ఆమె రోజూ చెప్తోంది సార్. కిందికి దిగి అడిగితే కాళ్ళేమైనా అరిగిపోతాయా?’’

‘‘అయిపోయినాయా? ఇప్పుడే ఆర్డర్ పెడతా, పది నిమిషాల్లో వస్తాయి’’ అన్నాడు. అప్పటికీ కుర్చీలోంచి లేవలేదు.

నేనే కిందికి వచ్చి ‘‘మీకేం కావాలమ్మా?’’ అని అడిగాను. కెమెరా పెట్టిననాడు ఆ మాట ఎవరూ అడిగి ఉండరు.

‘‘నేను పిలిస్తే వాడు దిగొచ్చేది’’ అంది.

కెమెరా ఊడదీశాను. ఆమె మంచం పక్కన ఒక స్విచ్చు, అతని బల్ల దగ్గర మామూలు కాలింగ్ బెల్లు. మధ్యలో వైరు. ‘‘మీటింగప్పుడు ఆపుకునేది ఎక్కడ?’’ అన్నాడు. ‘‘లేదు’’ అన్నాను. నేను సామాను సర్దుకుంటుండగానే ఆమె స్విచ్చు నొక్కింది. ‘‘ఏంటమ్మా?’’ అని మేడ మీంచే అరిచాడు. అతను మెట్లు దిగి ఎదురుగా నిలబడేదాకా ఆమె వేలు తీయలేదు.

ఇప్పుడు పెద్దవాళ్ళ గదిలో ఏది పెట్టమన్నా, ముందు దాన్ని ఆన్ చేసి వాళ్ళను మాట్లాడమంటాను. అవతల ఫోన్ పట్టుకున్న మనిషిని, విన్నది తిరిగి నాకు చెప్పమంటాను. చెప్పలేకపోతే డ్రిల్లు బయటికి తీయను.