కోడంబాక్కం విగ్గుల మాస్టారు, నా ముప్పై సెకన్ల వీడియో

ఈ బ్లాగు మొదలుపెట్టి ఎనిమిదేళ్లు. జనవరి నెలాఖరులోగా దీన్ని ఇంకో ఏడాదికి పొడిగించుకోవాలి, లేదా మూసేయాలి. మూసేద్దామనే అనుకున్నాను, మీ దగ్గర దాపరికం ఎందుకు? ఒక ఊరి గురించి మూడు ఆదివారాలు కూర్చుని రాస్తే చదివేది మీరు ఓ నలభై మంది. అదే ముప్పై సెకన్ల వీడియో పెడితే తెల్లారేసరికి వేలమంది చూస్తారు. డిసెంబరు చివర్లో పెట్టిన మునిరత్నం మాస్టారి వీడియో అయితే లక్షలు దాటింది. కోడంబాక్కంలో పౌరాణిక నాటకాలకి విగ్గులు, గడ్డాలు, మీసాలు చేసే డెబ్బై ఏళ్ల మనిషి ఆయన. ఆయన మీద రెండో వీడియో ఒకటి తీసి, ఇక పొట్టి పోస్టులకే మారిపోదామని పోయిన శనివారం చెన్నై బయల్దేరాను.

నెల్లూరులో ఆరున్నరకి రైలెక్కితే తొమ్మిదిన్నరకి సెంట్రల్‌లో దిగాను. రోడ్డు దాటితే పార్క్ స్టేషన్. అక్కడ తాంబరం వైపు లోకల్ రైలుకి ఐదు రూపాయల టికెట్. పావుగంటలో కోడంబాక్కం. కిటికీ పక్కన సీటు దొరికిన ఆనందంలో రెండో వీడియోకి పేరు కూడా ఆలోచించి పెట్టుకున్నాను. స్టేషన్ బయట ఇడ్లీ, వడ తిని, ఎనభై రూపాయలకి ఆటో మాట్లాడుకున్నాను. మాస్టారి పేరు చెప్పగానే డ్రైవరు బండి స్టార్ట్ చేయడం ఆపి వెనక్కి తిరిగాడు.

"విగ్గు మాస్టర్ ఇంటికా అక్కా? ఆయన పొయ్యినాడు కదా! రెండు వారాలయింది. మీకు తెలవదా?"

నవంబరులో వీడియో తీయడానికి వెళ్తే నాకు కాఫీ కలిపిచ్చిన మనిషి! కనీసం ఇంట్లోవాళ్లని పలకరించి వద్దామని పొమ్మన్నాను. మెయిన్ రోడ్డు మలుపులో డ్రైవరు చెయ్యి చూపించాడు. "అదో చూడక్కా, పోస్టర్."

గోడ మీద వరసగా మూడు పోస్టర్లు. నలుపు తెలుపు ఫొటో, చుట్టూ తెల్లపూల అంచు, కింద పేరు, పైన తమిళంలో కన్నీటి అంజలి. ఫొటోలో ఉన్నది మాస్టారు. ఆ ఫొటో తీసింది నేను. ఆ పూల అంచు కూడా నేను పెట్టిందే. నా వీడియోలో ఆఖరి బొమ్మని ఎవరో యథాతథంగా తీసి అచ్చు వేయించారు. ఆ వీడియోలో ఆయన మాటలు తీసేసి ఏడుపు ఫ్లూటు పెట్టాను. బాగుందని రంగు తీసేశాను. ఈ ఊళ్లో గోడల మీద అలాంటి ఫొటో కనపడితే దానికి ఒక్కటే అర్థమని, వంద సార్లు వచ్చిపోయిన నాకు తట్టనే లేదు.

ఇంటి తలుపు ఆయన కూతురు జయంతి తీసింది. నన్ను కిందికీ పైకీ చూసి, లోపలికి తిరిగి కేకేసింది. "అప్పా! నిన్ను చంపినామె వచ్చింది దా!"

లోపల చాప మీద మాస్టారు. ఒళ్లో చెక్కతల, దాని మీద వల, చేతిలో కొక్కెం సూది. ఒక్కో వెంట్రుకా ముడి వేస్తున్నారు. నేను గడపలోనే కూలబడి ఏడ్చేశాను.

"మేము పుత్తూరులో పెళ్లికి పొయ్యి పది దినాలు ఆడనే ఉండిపోయినాము" అంది జయంతి. "ఈడ ఇల్లు తాళం. అప్పాకి సెల్లు లేదు. నీ వీడియో చూసినోళ్లు పరిగెత్తుకొచ్చి చూస్తే తాళం. ఇంకేముంది, నిజమే అనుకున్నారు. మేము తిరిగొస్తే వాకిట్లో పూలదండ! మా వీధిలో పోస్టర్లు నేనే చింపినా. శివరాత్రి నాటకాల ఆర్డర్లు ఐదు జట్లవి పొయ్యినాయి. అందరూ వేరేచోట ఇచ్చేసినారంట."

ఆ ఐదు జట్లే ఆయనకి ఏడాది పని. అక్కడే కూర్చుని ఇంకో వీడియో పెట్టాను, మాస్టారు క్షేమం అని, ఆయన నవ్వు మొహంతో. మధ్యాహ్నానికి డెబ్బై మంది చూశారు. అందులో ఒకడు ఆత్మకు శాంతి కలగాలని రాశాడు. చనిపోయాడంటే లక్షలమంది, బతికున్నాడంటే డెబ్బై మంది!

చివరికి మాస్టారి కొలతల పుస్తకంలో నంబర్లు చూసి ఒక్కొక్క జట్టుకీ ఫోన్ చేశాను. కాళహస్తి జట్టు నాయుడైతే "చచ్చిపోయిన మనిషితో ఎగతాళా?" అని పెట్టేశాడు. మళ్లీ చేసి, ఫోన్ మాస్టారికిచ్చాను.

"ఏం నాయుడూ, మీ దుర్యోధనుడి తల ఇరవై రెండున్నర అంగుళాలు. అంతే ఉండాదా, పెరిగిందా?"

అవతల నుంచి మగమనిషి ఏడుపు.

"ఏడుపు తర్వాత. పని వేరేవాళ్లకి ఇచ్చేసినావా?"

"ఇచ్చేసినా మాస్టరూ. వాళ్లు సగం చేసేసినారు."

ఐదింటిలో ఒక్క జట్టు మాత్రం వెనక్కి వస్తామంది. మిగతా నాలుగూ పోయినట్టే. కొలతల పుస్తకం మూసి ఆయన ముందు పెట్టాను. ఆయన సూది పక్కన పెట్టారు.

"నాలుగు దినాలుగా నిన్ను తిట్టాలనే ఉండింది. ఇప్పుడు వద్దులే. కానీ ఆ రోజు నలభై నిమిషాలు మాట్లాడినా గదమ్మా నీతో. ఒక్క మాట గూడా ఉంచలేదే నువ్వు."

సాయంత్రం నాలుగున్నర రైలుకి తిరిగొచ్చాను. అంతకుముందు మెయిన్ రోడ్డు పోస్టర్లు గోళ్లతో గీకి తీయబోతే సగమే వచ్చాయి. ఆ వీడియో తీసేశాను, అయినా ఎవరెవరో దాచుకున్న కాపీలు తిరుగుతూనే ఉన్నాయి. పొట్టి పోస్టులు పెట్టడం తప్పని నేననను, రైలు ఆలస్యమని చెప్పడానికి అవి చాలు. మనిషి గురించి చెప్పడానికి అవి నా చేతుల్లో చాలలేదు. సిగ్గుగా ఉంది, ఆ సిగ్గుతోనే బ్లాగుని ఇంకో ఏడాది పొడిగించాను. ఆయన చెప్పిన నలభై నిమిషాలూ ఈ వారమే ఇక్కడ రాస్తున్నాను, చదివేది మీ నలభై మందే అయినా.

మీలో నాటకాలు వేసేవాళ్లుంటే ఒక్క సూచన. పని కావలసినదానికి మూడు నెలల ముందే మాస్టారి దగ్గరికి వెళ్లండి, విగ్గు పెట్టుకునే మనిషినే వెంట తీసుకెళ్లండి, తల కొలత ఆయన స్వయంగా తీసుకుంటారు. పొద్దున పది నుంచి ఒంటిగంట లోపు మంచిది. గోడల మీద ఏం కనపడినా పట్టించుకోకుండా వాకిట్లో నిలబడి, మునిరత్నం మాస్టారూ అని గట్టిగా పిలవండి. పలుకుతారు.