పడాల్సిన కర్రలకు ఇనుప తీగ కట్టినవాడి ఉమ్ సలాల్ ప్రయాణం

ఇందుమూలముగా దోహా ఇండస్ట్రియల్ ఏరియా వాస్తవ్యులకు, ముఖ్యముగా మా లేబర్ క్యాంపు రెండో అంతస్తులో పదిహేడో నంబరు గదిలోని పెద్దమనుషులకు తెలియజేయునది ఏమనగా: కిటికీ పక్క మంచం కింద ఉన్న పొడుగాటి నల్ల బూట్లు గుర్రపు స్వారీ నిమిత్తము కొన్నవి. అవి ఉల్లిగడ్డలు దాచుకునే బుట్టలు కావు. ఎడమ బూటులో ఎండుమిరపకాయలు పోసిన మహానుభావుడెవరో మాకు తెలియును. శిక్ష ఖరారైనది. తేదీ మాత్రం ప్రకటించబడదు. ఇట్లు, సదరు బూట్ల యజమాని, ఏడో తరగతి పాసైనవాడు, ఎనిమిదో తరగతి గోడ దూకి పారిపోయినవాడు.

దూకడం నాకు అప్పటినుంచే వచ్చన్నమాట. గుర్రం మీద కూర్చుని దూకడం మాత్రం నలభై ఐదు దాటాక మొదలైంది. మాది జగిత్యాల దగ్గర ఒక ఊరు. ఖతర్ వచ్చి పద్దెనిమిదేళ్ళయినా మా ఊరివాళ్ళ లెక్కలో నేనింకా దుబాయ్‌లోనే ఉన్నాను, సరిదిద్దడం మానేశాను. చేసేది స్కఫోల్డింగ్ పని. కట్టే భవనం చుట్టూ ఇనుప పైపులు నిలబెట్టి, క్లాంపులతో బిగించి, మిగతావాళ్ళు ఎక్కి పని చేసుకునేలా అంతస్తులు కడతాం. రెండేళ్ళ కిందట ఉమ్ సలాల్‌లో ఒక గుర్రాల ఫారంలో నీడ షెడ్డు వేయడానికి కంపెనీ మమ్మల్ని పంపింది. అక్కడ రీమ్ అనే బూడిద రంగు ఆడగుర్రం వెనక నుంచి వచ్చి నా జేబులోని ఖుబ్బూస్ రొట్టె లాగి తినేసింది. నాకంటే పెద్ద దొంగను చూడడం జన్మలో అదే మొదలు. ఆ వారంనుంచి నా శుక్రవారాలన్నీ దానివే. పొద్దున నాలుగు కొట్టాలు శుభ్రం చేస్తే ఒక గంట స్వారీ, ఇదీ ఫారంతో నా ఒప్పందం. డబ్బు కట్టి నేర్చుకునేవాళ్ళూ ఉన్నారు. ఆ ధర ఫారానికొక తీరు, ముందు ఫోన్ చేసి కనుక్కోండి.

గుర్రంతో దూకడంలో రెండు రకాలున్నాయి. క్రాస్ కంట్రీ అంటే బయట మైదానంలో పరుగు. మా ఫారం వెనక ఇసుకలో ఖర్జూరపు మొద్దులు, మోకాలెత్తు రాతిగోడ, ఒక గుంత ఉన్నాయి. అవేవీ కదలవు. చూసినవాళ్ళు అమ్మో అంటారు కానీ నేను అక్కడ ఏనాడూ భయపడి కళ్ళాలు లాగలేదు. షో జంపింగ్ అంటే కంచె వేసిన మెత్తటి ఇసుక బరిలో, రంగు రంగుల కర్రలు ఆనించిన అడ్డాల మీదుగా, ఒక వరసలో దూకడం. పిల్లలు కూడా నవ్వుతూ దూకుతారు. అక్కడే నా ప్రాణం పోతుంది. ఎందుకంటే ఆ కర్రలు పడతాయి.

కర్ర పడితే భయమేమిటని నవ్వకండి. పైపు నేలను తాకిన చప్పుడు మా సైటులో అన్నిటికంటే చెడ్డ చప్పుడు. అది వినగానే ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోతారు, తర్వాతే తల ఎత్తి చూస్తారు. ఆరేళ్ళ కిందట నాలుగో అంతస్తునుంచి ఒక పైపు జారి నా రూమ్మేట్ పోశెట్టికి జానెడు దూరంలో పడింది. వాడికి ఏమీ కాలేదు. ఆ పైపు జారింది నా చేతిలోంచి. అప్పటినుంచి ఆ చప్పుడు వింటే చాలు, నా చేతులు వాటంతటవే బిగుసుకుంటాయి. గుర్రం మీద ఉంటే కళ్ళాలు లాగేస్తాయి. పాపం రీమ్ నిలబడిపోతుంది. అలా రెండు నెలలు వరసగా, నెలనెలా జరిగే షో జంపింగులో మూడో అడ్డం దగ్గర కర్ర పడగానే ఆగిపోయి బరి దాటి బయటికి వచ్చేశాను. ఈసారి ఫారంవాళ్ళు తెగేసి చెప్పారు. రీమ్‌ను నడిపేవాడు ఎనిమిది అడ్డాలూ పూర్తి చేయాలి, లేకపోతే ఈ సీజనుకు దాన్ని ఇంకొకరికి ఇస్తారు. నాకు కొట్టాలు మాత్రం మిగులుతాయి.

శుక్రవారం పొద్దున ఐదున్నరకు క్యాంపు గేటు దగ్గర పోశెట్టి పికప్ ఎక్కాను. మీరు వెళ్తే ఆ పూట మెట్రోను నమ్ముకోకండి, శుక్రవారం ఆలస్యంగా మొదలవుతుంది. టాక్సీకి యాభై, అరవై రియాళ్ళు వదులుతాయి. ఇద్దరు ముగ్గురు కలిస్తే అదే మేలు. ఏషియన్ టౌన్ దగ్గర ఆగి చెరొక కరక్ చాయ్ తాగాం, ఎండుమిరపకాయల ఘాటుకు నా ఎడమకాలు మండుతూనే ఉంది. సల్వా రోడ్డు వదిలి శమాల్ రోడ్డు పట్టుకుంటే నలభై నిమిషాల దారి. చలికాలం కనుక కిటికీ దించి కూర్చోవచ్చు.

"ఏందిరా, ఇయ్యాల గూడ మూడో కర్రకాన్నే దుకాణం బంద్ జేస్తవా?" అన్నాడు పోశెట్టి.

"నువ్వు బండి సక్కగ నడుపు. మిరపకాయల ముచ్చట నాకు ఎర్కనే."

"ఏ మిరపకాయలు? నాకేం తెల్వది." స్టీరింగు మీద తాళం వేస్తూ కాసేపు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపాడు. "ఒక్క మాట జెప్తరా. ఆ పైపు నా నెత్తి మీద పడలే. నీ నెత్తిలనే పడ్డది. ఆరేండ్ల సంది నేను మంచిగ పంటున్న. నువ్వే నడిరాత్రి లేస్తున్నవ్."

వాడి నోట మంచి మాట రావడం అరుదు. కిటికీ ఎక్కించేశాను.

ఆరున్నరకు ఫారం చేరాం. పోశెట్టి బండిలోనే సీటు వాల్చి నిద్రపోయాడు. నేను కొట్టాలు కడిగి, రీమ్‌కు గడ్డి వేసి, చలికోటు విప్పి బరి పక్కన పెట్టేసరికి ఏడున్నర. ట్రైనర్ కీర్తన వచ్చింది. విజయవాడ వాళ్ళమ్మాయి, తండ్రి ఇక్కడ ఇంజనీరు, దోహాలోనే పెరిగింది. వయసు నా కూతురంత, గొంతు మా ఫోర్‌మన్ అంత.

"బాబాయ్ గారూ, ఈ కాగితంలో ఉన్న ఎత్తుల ప్రకారం కర్రలు సర్దేస్తారా? నేను మిగతావాళ్ళను చూసుకొస్తా," అంది.

బరిలో నేనొక్కణ్ణే మిగిలాను. ఎనిమిది అడ్డాలు. ప్రతి కర్రా రెండు వైపులా చిన్న ఇనుప గిన్నెల్లో ఊరికే ఆని ఉంది. గిన్నెకు లోతు లేదు. వేలి కొనతో నెడితే దొర్లిపోతుంది. పద్దెనిమిదేళ్ళు పైపు బిగించినవాడి కళ్ళకు అంతకంటే సిగ్గుమాలిన పని ఉంటుందా? నా ప్యాంటు జేబులో బైండింగ్ వైరు, అదే సన్నటి ఇనుప తీగ, ఎప్పుడూ ఉంటుంది, కొందరికి బీడీలున్నట్టు. ఒక్కో కొనకు రెండు చుట్లు, ఒక మెలిక. అలా ఎనిమిది అడ్డాలకూ కట్టేశాను. మెలికలు లోపలి వైపుకు తిప్పి కనబడకుండా దాచాను. పని మాత్రం చాలా శుభ్రంగా వచ్చింది, చెప్పుకోవాలి.

ఎనిమిదింటికి స్వారీ చేసేవాళ్ళంతా బరిలో కాలినడకన తిరిగి దారి చూసుకుంటారు. కీర్తన ముందు నడుస్తూ మొదటి కర్రను బూటు మొనతో నెట్టింది. కదల్లేదు. గట్టిగా నెట్టింది. అడ్డం మొత్తం కదిలింది కానీ కర్ర ఊడలేదు. వంగి చూసింది. మిగతావాళ్ళను పంపించేసి నా వైపు తిరిగింది.

"ఇది కూడా మీ జోకేనా బాబాయ్? పోయిన నెల నా టీలో ఉప్పు వేసినట్టు?"

అవునంటే అయిపోయేది. రెండు తిట్లు తిట్టి వదిలేసేది. నా పేరు అలాంటిదే కదా, ఇంకో చిలిపి పని అందులో కలిసిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా.

"జోక్ గాదు మేడం. భయమైంది."

"దేనికి?"

"కర్ర పడ్డ సప్పుడైతే నా చేతులు నా మాట ఇంటలేవు. పడకుంట కట్టిన."

ఆమె కర్ర కొన దగ్గరి మెలికను వేలితో తడిమింది. తర్వాత గొంతు తగ్గించి అంది. "రీమ్ కాలు తగిలితే కర్ర పడాలి. పడకపోతే రీమ్ పడుతుంది, మీరు దాని కింద పడతారు. దాని కాలు విరిగేది బాబాయ్. గిన్నెకు లోతు లేకుండా పెట్టింది అందుకే."

"మా సైటుల పడకుంట కడితేనే ప్రాణం దక్కుతది."

"ఇక్కడ పడేట్టు పెడితేనే దక్కుతుంది. తీసేయండి, అన్నీ. తర్వాత గుర్రమెక్కండి. ఎక్కకుండా వెళ్ళిపోతే మాత్రం నేను ఊరుకోను."

కటింగ్ ప్లేయరుతో ఒక్కొక్క మెలికా తెంపుతుంటే, కంచె అవతల ప్లాస్టిక్ కుర్చీలో తెల్లటోపీ పెట్టుకుని కూర్చున్న ఒక పెద్దమనిషి పలకరించాడు. మా వైపు యాసే. "ఈ వయసుల నీకెందుకే గుర్రాలు? పేడ ఎత్తుకోక. అది నీకు మంచిగొస్తది."

"పేడ నీ నోట్లకెల్లి గూడ మంచిగొస్తది గద, కూసో," అన్నాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వు నా వీపు మీద గట్టిగా అంటుకుంది.

తొమ్మిదింటికి నా వంతు. మొదటి అడ్డం దాటాం, రెండూ దాటాం. మూడో దానిమీదుగా వెళ్తూంటే రీమ్ వెనక గిట్ట ఠక్కున తగిలింది. కర్ర దొర్లి నేలమీద పడింది. అదే చప్పుడు. నా మణికట్లు బిగుసుకున్నాయి, నోట్లోంచి "హటో!" అని సైటు కేక వచ్చేసింది. రీమ్ చెవులు వెనక్కి తిరిగాయి, నడక నెమ్మదించింది. కుర్చీ వైపునుంచి తెల్లటోపీ గొంతు వినిపించింది. "ఇగ ఆపుతడు సూడు."

ఎవడురా నన్ను ఆపేది? వేళ్ళు ఒక్కొక్కటే తెరిచాను. పైపు వదిలినప్పుడు తెరుచుకున్న వేళ్ళే అవి, ఈసారి తెలిసి తెరిచాను. కళ్ళాలు వదులయ్యాయి. "యల్లా, రీమ్!" అని అరబ్బీలో అదిలించాను. అది నాకోసమే ఎదురుచూస్తున్నట్టు ఒక్క ఉదుటున ముందుకు పోయింది. నాలుగు దాటాం. ఐదు దగ్గర మళ్ళీ కర్ర పడింది, వెనక్కి చూడలేదు. ఏడు దగ్గర ఇంకోటి పడింది. అప్పటికి ఆ చప్పుడుకు జవాబుగా నేనే తిట్టడం మొదలుపెట్టాను, ఇక్కడ రాయలేని మాటలు. ఎనిమిదోది శుభ్రంగా దాటాం. మూడు కర్రలు, కర్రకు నాలుగు చొప్పున పన్నెండు తప్పులు, అందరికంటే చివర. కీర్తన కాగితం మీద రాసుకుని, "ఉప్పు బాకీ తీరలేదు, కానీ రీమ్ మీదే," అంది. చేతిలో ఉన్న క్యారెట్టు దానికిచ్చింది, నాకు ఇవ్వలేదు.

కదలని మొద్దు మీదుగా దూకడం ధైర్యమని రెండేళ్ళు మురిసిపోయాను. నిజానికి అక్కడ నాకు ధైర్యం అవసరమే పడలేదు; గట్టిగా బిగించిన దాన్ని నమ్మడం నా వృత్తి. పడేదాన్ని పడనిచ్చి, ఆ చప్పుడు చెవిలో ఉండగానే తర్వాతి అడ్డం వైపు తిరగడం నాకు నలభై ఏడో ఏట వచ్చింది. నన్ను చూసి నవ్వేవాళ్ళు నవ్వండి. పడ్డ కర్రలు మూడే, మిగిలిన ఐదు అడ్డాల లెక్క మీరు వేసుకోండి. తిరుగు దారిలో పోశెట్టి ఎన్ని పడ్డాయని అడిగాడు. మూడన్నాను. "ఎవని మీద పడ్డయి?" అన్నాడు. "ఎవ్వని మీదా పడలే," అన్నాను. "అగో, గదే నేను ఆరేండ్ల సంది జెప్తున్న," అని హారన్ కొట్టాడు. మిరపకాయల శిక్ష రద్దు చేశాను.

మీలో ఎవరైనా వెళ్ళేట్టయితే ఒక్కటే సలహా. గుర్రం ఎక్కకముందు బరిలోకి నడిచి వెళ్ళి, ట్రైనర్‌ను అడిగి, ఒక కర్రను మీ చేత్తో మీరే నెట్టి పడేయండి. ఆ చప్పుడు నేలమీద నిలబడి నాలుగుసార్లు వినండి. గుర్రం మీద మొదటిసారి వినకండి.

చివరగా ఒక ఒప్పుకోలు. ఇందులో అన్నీ నిజమే, తెల్లటోపీ పెద్దమనిషి తప్ప. ఆ పొద్దున కంచె అవతల ఎవరూ లేరు. ప్లాస్టిక్ కుర్చీ మాత్రం ఉంది, దాని మీద నేను విప్పిన చలికోటు ఉంది. పేడ ఎత్తుకోమన్నదీ, ఇగ ఆపుతడన్నదీ ఆ చలికోటు తొడుక్కునేవాడే.